కాలం చేసిన ప్రవాసం

డెస్మండ్ ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. అవతల గంట మోగుతోంది. అది 2004 డిసెంబరు 24. అతనున్నది నడిసముద్రంలో, ఒక ఓడలో. ఆ నంబరు అతనికి దొరికింది మాత్రం 1996లో, లండన్‌లో. తనే వద్దని వచ్చేసిన అమ్మాయి ఇంటికి మళ్ళీ వెళ్ళి, బతిమాలి, అడిగి తీసుకున్నాడు. ఎనిమిదేళ్ళ దాకా ఈ నంబరుకు చెయ్యను, ఎనిమిదేళ్ళ తరవాత క్రిస్మస్‌కు ముందురోజు చేస్తాను, నంబరు మాత్రం మార్చకు అన్నాడు. మతి చలించిన మనిషి మాటల్లా వినిపించాయి పెన్నీకి. నంబరు చెప్పి పంపేసింది. ఇప్పుడు ఓడలో, తోటివాడు వైర్లు కలిపి బతికించిన ఫోన్. బ్యాటరీ ఎంతోసేపు రాదు. గంట మోగుతూనే ఉంది. పెన్నీ ఎత్తింది.

సైన్స్ ఫిక్షన్‌లో శృంగారానికి చోటెక్కడిదని అడిగేవాళ్ళకు నేను ముందు చూపించేది ఈ ఘట్టమే. 2008 ఫిబ్రవరి 28న అమెరికాలో ఏబీసీ ఛానెల్ ప్రసారం చేసిన 'లాస్ట్' నాలుగో సీజన్ ఐదో భాగం, 'ది కాన్‌స్టెంట్'. డెస్మండ్ మనసు 1996కీ 2004కీ మధ్య జారిపోతూ ఉంటుంది. రెండు కాలాల్లోనూ ఉన్న, తనకు ప్రాణమైన ఆధారం ఒక్కటి దొరక్కపోతే ఆ ఊగిసలాటను మెదడు తట్టుకోలేదు, మనిషి చనిపోతాడు. ఆ ఆధారం పెన్నీ. నువ్వు లేకపోతే బతకలేనని ప్రేమకథల్లో నాయకులందరూ అనే మాట ఇక్కడ అక్షరాలా నిజమై కూర్చుంది. ఫోన్లో ఇద్దరూ మాట్లాడుకునేది మహా అయితే నాలుగు మాటలు. అవీ ఒకరి మాట మీద ఒకరివి పడిపోతాయి. లైను తెగేలోగా చెప్పాల్సింది చెప్పెయ్యాలన్న తొందర. పెన్నీకి ఎనిమిదేళ్ళు గడిచాయి. 1996 నుంచి దూకి వచ్చిన డెస్మండ్ మనసుకు గడిచింది కాసేపే. ఒకే ప్రేమ, ఇద్దరికీ చెరో కాలం. ఆ తేడా అంతా ఆమె కంఠంలో వినిపిస్తుంది, అతని కళ్ళలో కనిపిస్తుంది. సోన్యా వాల్గర్, హెన్రీ ఇయాన్ క్యూసిక్ ఒకరి పక్కన ఒకరు లేకుండానే నటించిన ఈ కలయికకు సాటి వచ్చే కలయికలు తెర మీద నేను చాలా తక్కువ చూశాను.

మన లాక్షణికులు వియోగ శృంగారాన్ని ఎంతో ఓపికగా తరచి చూశారు. మమ్మటుడు దానికి అభిలాష, విరహం, ఈర్ష్య, ప్రవాసం, శాపం అని ఐదు కారణాలు చెప్పాడు. సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు పూర్వరాగం, మానం, ప్రవాసం, కరుణం అని నాలుగుగా విభజించాడు. తెలుగు తెర ఈ జాబితాకు తనవైన కారణాలు చేర్చింది: కులం, ఆస్తి, తండ్రి పంతం, రెండు ఇళ్ళ మధ్య పాత పగ. సైన్స్ ఫిక్షన్ చేర్చింది ఒక్కటే, కాలం. ఆ ఒక్కదానితో వియోగం స్వరూపమే మారిపోయింది. మేఘదూతంలో యక్షుడి శాపం ఏడాది. అతను రామగిరిలో ఉన్నాడు, ఆమె అలకలో గడప మీద పూలు పెట్టి రోజులు లెక్కపెట్టుకుంటోంది. ఎంత దూరమైనా ఇద్దరిదీ ఒకే ఆషాఢం. మిగిలిన నాలుగు నెలలు ఇద్దరికీ అవే నాలుగు నెలలు. రాత్రి కాగానే విడిపోయే చక్రవాకాల జంటకు కూడా ఆ రాత్రి ఒక్కటే, తెల్లవారడం ఒక్కటే. ఇద్దరి లెక్కా ఒకటి కాకుండా పోతే? ఆమె ఎనిమిదేళ్ళు అతనికి ఒక పూట అయితే? అక్కడ విరహం భారమంతా గుర్తుపెట్టుకున్న మనిషి మీద పడుతుంది. ఇద్దరి ప్రేమను ఒక్కరే మొయ్యాలి. ఈ రకం కథల్లో పాత్ర ఎదిగేది ఆ మోతలోనే అని నాకు గట్టి నమ్మకం.

చెరో కాలంలో బతికే జంటలు హైదరాబాదులో మా మన్సూరాబాద్‌కు కొత్త కాదు. ఎల్బీనగర్ నుంచి నాగోలు వెళ్ళే దారిలో, నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి, విజయవాడ హైవే పొడుగునా ఉన్న ఊళ్ళ నుంచి వచ్చి ఇళ్ళు కట్టుకున్నవాళ్ళ కాలనీలివి. పిల్లలు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకుని, అమీర్‌పేటలో కోర్సు చేసి, డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్ళిపోతారు. చలికాలంలో డల్లాస్ గడియారం మన గడియారం కంటే 11 గంటల 30 నిమిషాలు వెనక నడుస్తుంది, వేసవిలో 10 గంటల 30 నిమిషాలు. వీసా కోసం అత్తగారింట్లో ఎదురుచూస్తున్న కోడలికి ఆదివారం తెల్లవారుతుంది, టిఫిన్ ప్లేటు పక్కన ఫోన్ నిలబెట్టుకుంటుంది. ఫోన్లో ఉన్న అతనిది ఇంకా శనివారం రాత్రే. అతనికి రాని రోజులో ఆమె అప్పటికే ఉంది. ఇద్దరూ ఒకటి, రెండు, మూడు అనుకుని ఒకే క్షణంలో బటన్ నొక్కి ఒకే సిరీస్ చూస్తారు, ఒకే చోట నవ్వుకోవడానికి. కాలం అడ్డుపడిన ప్రేమకథ ఈ కాలనీల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మేఘదూతం అందినంత సూటిగా అందుతుంది.

మరి మన భాషలో అలాంటి సిరీస్ ఏదని అడిగితే నా జవాబు 'కుడి ఎడమైతే'. 2021 జులై 16న ఆహాలో వచ్చింది. ఎనిమిది భాగాలు. అంతకుముందు కన్నడంలో 'లూసియా', 'యూ టర్న్' తీసిన పవన్ కుమార్ దర్శకుడు. దుర్గగా అమలా పాల్, ఆదిగా రాహుల్ విజయ్. ఆమె పోలీసు ఇన్‌స్పెక్టర్. అతను ఈ హైదరాబాదులోనే ఇంటింటికీ భోజనం పార్శిళ్ళు అందించే కుర్రాడు, నటుడు కావాలని ఆశ. ఇద్దరూ ఒకే రోజులో చిక్కుకుపోతారు. రోజు అయిపోయిందనుకున్నాక మళ్ళీ అదే రోజు మొదలవుతుంది. ఊరంతటికీ అది కొత్త రోజు. వీళ్ళిద్దరికే పాతది.

ఒకే రోజు తిరిగి తిరిగి వచ్చే కథ పాత్రచిత్రణకు కఠినమైన పరీక్ష. లోకం మారదు. ఎదురొచ్చేవాళ్ళు నిన్న అన్న మాటే ఇవాళా అంటారు. జీతం పెరగదు, ఇల్లు మారదు, వయసు రాదు. మామూలు కథల్లో మనిషి మారాడని చూపించడానికి వాడుకునే బయటి గుర్తులన్నీ ఇక్కడ చేతిలోంచి పోయాయి. మిగిలింది జ్ఞాపకం ఒక్కటే. జ్ఞాపకం ఉన్నవాడే మారగలడు, మారింది కూడా అదే వీధిలో, అదే మనుషుల మధ్య, చూపులో, మాట తీరులో, ఒక తలుపు కొట్టే పద్ధతిలో కనిపించాలి. పని అంతా నటుల మీద పడుతుంది. అమలా పాల్ ముఖంలో ఆ పని జరగడం చూడాలి. మొదట్లో ఆ కాఠిన్యం ఖాకీ బట్టలతో వచ్చినట్టుంటుంది. రోజులు తిరుగుతున్నకొద్దీ దాని అడుగున అలసట తేలుతుంది, ఆ అలసటలోంచి ఎదుటివాళ్ళ మాట వినే గుణం పుడుతుంది. ఇదంతా కాలెండరులో ఒక్క కాగితం చిరగకుండానే.

ఆదిని డెలివరీ పనిలో పెట్టడం రచయిత చేసిన గొప్ప ఎంపిక. ఎల్బీనగర్‌లో, వనస్థలిపురంలో హోటళ్ళ ముందు బళ్ళ మీద కూర్చుని ఆర్డరు కోసం ఫోన్ చూసుకునే కుర్రాళ్ళను చూడండి. ఎక్కేవి అవే మెట్లు, గేటు దగ్గర వాచ్‌మన్ అడిగేది అదే ప్రశ్న, తలుపు తీసి పార్శిల్ అందుకునే మనిషికి నిన్న వచ్చింది కూడా ఇతనేనని గుర్తుండదు. తను గుర్తుపెట్టుకుంటాడు, తనను ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఆది బతుకు ఆ వింత మొదలవకముందు నుంచే అలా ఉంది. పైగా అతను నటుడు కావాలనుకున్నవాడు. అదే మాట, అదే అడుగు, టేక్ తరవాత టేక్, ప్రతిసారీ మొదటిసారి అన్నట్టు చెయ్యడమే కదా నటుడి విద్య. ఆ విద్యను ఇతనికి సినిమావాళ్ళు నేర్పలేదు, తిరిగి తిరిగి వచ్చిన ఆ రోజే నేర్పింది. ఈ పొందిక నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

దుర్గకూ ఆదికీ మధ్య ఉన్నది ప్రేమకథ కాదు. ఉద్యోగంలో, హోదాలో, బతుకులో ఎక్కడా కలవని ఇద్దరు. కానీ ఈ రోజు ఇదివరకే గడిచిందని తనకొక్కరికే తెలుసు అనుకుంటూ కుమిలిపోయే మనిషికి, ఇంకొకరికి కూడా గుర్తుందని తెలిసే క్షణం ఉంది చూశారూ, ఏ ప్రేమ ప్రకటనలోనూ అంత ఊరట లేదు. ప్రేమకు ముందు ఉండవలసినది అదే. నా మనసులో జరిగింది నీ మనసులోనూ జరిగింది అన్న తెలివిడి. సహృదయత అని కావ్యం గురించి మనవాళ్ళు చెప్పిన గుణం ఇక్కడ ఇద్దరు మనుషుల మధ్య పుట్టింది. చివరి భాగాల్లో నేరపరిశోధన ముడులు విప్పే హడావిడి ఎక్కువై, ఈ ఇద్దరూ ఊరికే కూర్చుని మాట్లాడుకునే జాగా తగ్గిపోయింది. అది నాకు లోటుగానే అనిపించింది. తమకు మాత్రమే గుర్తున్న రోజుల గురించి వాళ్ళిద్దరూ ఇంకా ఎన్నో చెప్పుకోవలసింది.

ఆ సిరీస్ పేరు వినగానే 1953 నాటి 'దేవదాసు'లో ఘంటసాల గొంతు గుర్తుకు రాని తెలుగువాళ్ళుండరు. ఆ పేరు పెట్టడంలో లోతైన న్యాయముంది. దేవదాసు కూడా ఒకే రోజులో చిక్కుకున్నవాడే. పార్వతికి పెళ్ళవుతుంది, ఆమె ఇంకో ఇంటి ఇల్లాలై, ఆ ఇంటి బరువు నెత్తికెత్తుకుని ఎదుగుతుంది. దేవదాసుకు మాత్రం విడిపోయిన రోజు దాటి తెల్లవారదు. అక్కినేని నాగేశ్వరరావు కళ్ళు ఆ సగం రెప్పల కింద చూస్తున్నది ఎదుటి మనుషులను కాదు, ఆ ఒక్క రోజునే. గుర్తుపెట్టుకోవడం మనిషిని పెంచనూగలదు, అక్కడే పాతిపెట్టనూగలదు. దుర్గా ఆదీ తమ రోజును దాటడానికి చేసే ప్రయత్నమంతా దేవదాసు చెయ్యలేకపోయినదే.

తెలుగులో కాలయంత్రం అనగానే 'ఆదిత్య 369' పేరు ముందు రావాలి, వస్తుంది. 1991 జులై 18న విడుదలైంది. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం, జంధ్యాల మాటలు, ఇళయరాజా సంగీతం. థియేటర్లలో చూసినవాళ్ళ కంటే తరవాత ఇళ్ళలో టీవీ ముందు చూసి పెరిగిన తరం పెద్దది. 2025 ఏప్రిల్ 4న మళ్ళీ థియేటర్లకు వచ్చినప్పుడు ఆ తరమే పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళింది. దాన్ని ఎంత ప్రేమించినా ఒక మాట చెప్పాలి. అందులో అంగిరసం అద్భుతం, శృంగారం దానికి తోడు వచ్చింది. కృష్ణకుమార్, హేమ ఇద్దరూ కలిసే 1526కు వెళ్తారు, కలిసే 2504ను చూస్తారు. కాలం వాళ్ళకు చుట్టి రావలసిన లోకమే తప్ప మధ్యలో పడిన గోడ కాదు. కృష్ణకుమార్‌గా ఉన్న బాలకృష్ణే శ్రీకృష్ణదేవరాయలుగానూ కనిపిస్తాడు కాబట్టి, తన ప్రియుడి ముఖమే సింహాసనం మీద చూసే అమ్మాయి మనసులో ఏం జరుగుతుందన్న ప్రశ్న ఒకటి అక్కడ తలుపు తెరుచుకుని ఉంది. సినిమా ఆ గదిలోకి ఎంతో దూరం పోలేదు. పోవలసిన అవసరమూ దానికి లేదు, అది తెచ్చిన ఆనందం వేరు.

కాలయంత్రం లేకపోయినా మన తెరకు ఎప్పటి నుంచో పునర్జన్మ ఉంది. 1964లో 'మూగమనసులు', 2009లో 'మగధీర'. ఈ వరసలో నేను అన్నిటికంటే పైన పెట్టేది 2014లో విక్రమ్ కుమార్ తీసిన 'మనం'. చిన్నప్పుడు పోయిన అమ్మానాన్నలు మళ్ళీ పుట్టి, తనకంటే చిన్నవాళ్ళై, ఒకరికొకరు తెలియని కుర్రకారుగా నాగార్జునకు ఎదురవుతారు. వాళ్ళ ప్రేమ వాళ్ళకు గుర్తులేదు, కొడుక్కి గుర్తుంది. తల్లిదండ్రుల వలపును కొడుకు దాచి ఉంచాడు! పెన్నీ ఎనిమిదేళ్ళు నంబరు దాచినట్టే. ఎనిమిదేళ్ళ తరవాత, 2022 సెప్టెంబరు 9న వచ్చిన శ్రీకార్తిక్ సినిమా 'ఒకే ఒక జీవితం' ఇదే భావాన్ని సైన్స్ దారిలో అందుకుంది. వేదిక ఎక్కితే గొంతు పెగలని గాయకుడు ఆదిగా శర్వానంద్. ప్రేమించిన అమ్మాయి వైష్ణవిగా రీతూ వర్మ అతన్ని వేదిక మీదికి నడిపించాలని చూస్తుంది. అతని గొంతు ఆగిపోయిన చోటు మాత్రం వెనక ఎక్కడో ఉంది, తల్లి పోయిన 1998లో. అక్కడికి వెళ్తాడు. తల్లి వయసుకు దగ్గరగా ఎదిగిన కొడుకు, అతనెవరో తెలియని తల్లి, ఒకే ఇంట్లో ఎదురుబొదురుగా. తల్లిగా అమల ఆ అపరిచితుడి వైపు చూసే చూపులో మర్యాద ఉంటుంది, కారణం తెలియని చనువు కూడా ఉంటుంది. ఇది వాత్సల్యం కథే. అయినా ఇక్కడ చెబుతున్నది ఎందుకంటే, ఆ తరవాత వైష్ణవి ముందుకు తిరిగి వచ్చే మనిషి వేరు. ప్రియురాలి ప్రోత్సాహంతో తీరని లోటు ఒకటుంటుందని, దాన్ని తీర్చుకుని వస్తేగాని ఆ ప్రేమకు పూర్తి మనిషి దొరకడని ఆ సినిమా ఒక్క మాట కూడా పైకి అనకుండా చెప్పింది.

ఇక నేను ఎన్నిసార్లు చూసినా తనివి తీరనిది, 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' ఐదో సీజన్‌లో 1992 జూన్‌లో వచ్చిన 'ది ఇన్నర్ లైట్'. ఓడ కెప్టెన్ పికార్డ్‌ను ఒక పాత అంతరిక్ష పరికరం నుంచి వచ్చిన కిరణం తాకుతుంది. స్పృహ తప్పి పడిపోతాడు. కళ్ళు తెరిచేసరికి ఎక్కడో ఒక గ్రహం మీద చిన్న ఊళ్ళో ఉన్నాడు. అక్కడ అతని పేరు కామిన్. పక్కన ఎలీన్ అనే ఆమె, నేను నీ భార్యను అంటుంది. అతను నమ్మడు. నా ఓడ ఎక్కడ, నా మనుషులెక్కడ అని ఏళ్ళ తరబడి వెతుకుతూనే ఉంటాడు.

కథను ఎలీన్ వైపు నుంచి చూడండి. భర్తకు జ్వరం వచ్చి తగ్గింది, తగ్గాక నువ్వెవరు అంటున్నాడు. శకుంతల దుష్యంతుడి సభలో నిలబడింది ఒక్క పూట. ఎలీన్ ఆ మరపు ముందు ఏళ్ళు నిలబడింది, చేతిలో ఉంగరం లేకుండా. ఆమె వాదించదు, నిరూపించదు. వండి పెడుతుంది. ఇంట్లో ఎక్కడ పడితే అక్కడ విడిచిన బూట్లు తీసి పక్కన పెట్టుకోమని చెబుతుంది. రాత్రుళ్ళు అతను నక్షత్రాలను చూస్తూ కూర్చుంటే ఎదురుచూస్తుంది. ఐదేళ్ళు గడిచాక ఒకరోజు అతను, ఇంటికి ఇంకో గది కడదామా అని అడుగుతాడు. పుట్టబోయే బిడ్డ కోసం. వెతకడం మానేస్తున్నానని ఎక్కడా అనడు. ఆ గది మాటలోనే అతను ఓడను వదిలి ఆమె దగ్గరికి వచ్చేశాడు. ఇంతకంటే సున్నితమైన ప్రేమ ప్రకటన టెలివిజన్లో ఇంకోటి ఉంటే నాకు ఎవరైనా చూపించాలి.

పిల్లలు పుడతారు, పెరుగుతారు. అతను వేణువు వాయించడం నేర్చుకుంటాడు. వానలు వెనకబడతాయి, వాళ్ళ సూర్యుడు చనిపోతున్నాడని తెలుస్తుంది. ఎలీన్ ముసలిదై పోతుంది. పోయేముందు ఆమె చెప్పేది కూడా ఆ బూట్ల సంగతే. గృహస్థ శృంగారానికి ఇంకేం ఉదాహరణ కావాలి! నలభై ఏళ్ళు కలిసి కాపురం చేసిన మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు పోయేటప్పుడు చెప్పే మాటలు అలాగే ఉంటాయి, మాత్రలు వేళకు వేసుకోమనీ, గ్యాసు కట్టేసి పడుకోమనీ. తరవాత ఆ పరికరం రహస్యం బయటపడుతుంది. తమ లోకం అంతరించిపోతుందని తెలిసిన జాతి, తమను గుర్తుంచుకునే మనిషి ఒక్కడైనా ఉండాలని దాన్ని ఆకాశంలోకి పంపింది. పికార్డ్ తన ఓడలో మేలుకుంటాడు. అక్కడ గడిచింది 25 నిమిషాలు. ఎలీన్ వెయ్యేళ్ళ నాటి మనిషి. ఆమెతో బతికిన ముప్పై, నలభై ఏళ్ళను గుర్తుంచుకున్నవాడు విశ్వం మొత్తం మీద ఇతనొక్కడే. పాట్రిక్ స్టువర్ట్ ఆ మేలుకోవడంలో భుజాలు కొద్దిగా వంచి ఉంచుతాడు. శరీరం నడివయసుకు తిరిగి వచ్చింది, నడక ఇంకా ముసలివాడి నడకే. నటనలో అనుభావం అంటే ఏమిటని విద్యార్థి అడిగితే ఆ భుజాలు చూపించవచ్చు.

టెలివిజన్‌కే సాధ్యమైన మేలు ఒకటి ఆ తరవాత జరిగింది. సినిమా అయితే అక్కడితో ముగిసేది. సిరీస్ కాబట్టి ఆ వేణువు పికార్డ్‌తో ఉండిపోయింది. తరవాతి సీజన్‌లో, 1993లో వచ్చిన 'లెసన్స్' అనే భాగంలో అతను ఒక సంగీతకారిణిని ప్రేమిస్తాడు. ఎవరికీ చెప్పని ఆ జీవితం గురించి ఆమెకు చెబుతాడు, ఆ వేణువు ఆమె ముందు వాయిస్తాడు. కొత్త ప్రేమకు అతను తెచ్చిన కానుక పాత భార్య జ్ఞాపకం. వారం వారం వచ్చే కథ తన పాత్రలు బతికినదాన్ని మరిచిపోకుండా ఉంటే ఎంత సంపద పోగవుతుందో ఆ ఒక్క సన్నివేశం చాలు చూపించడానికి.

మన రోజువారీ ధారావాహికలను తలుచుకుంటే ఇక్కడే మనసు కలుక్కుమంటుంది. వాటికున్నంత కాలం ప్రపంచంలో ఏ కళారూపానికీ లేదు. ఒక నటి ఒకే పాత్రలో ఏళ్ళ తరబడి ఉంటుంది, చూసేవాళ్ళ ఇళ్ళల్లో ఆ లోగా పిల్లలు పుట్టి బడికి వెళ్తారు. మంజులా నాయుడు జెమినీలో 'చక్రవాకం', 'మొగలిరేకులు' నడిపినప్పుడు ఆ పాత్రల మంచిచెడులు మా వీధుల్లో సాయంత్రం గేట్ల దగ్గర బంధువుల కబుర్ల వరసలో నడిచాయి. అంత నమ్మకం పెట్టుకున్న ప్రేక్షకులున్న చోట, పాత్రకు నిన్నటి దుఃఖం ఇవాళ గుర్తుండాలని అడగడం అత్యాశ కాదు. సైన్స్ ఫిక్షన్ సిరీస్ నుంచి మన సీరియల్ రచయితలు తీసుకోవలసింది యంత్రాలను కాదు, ఈ గుర్తు తప్పని గుణాన్ని.

గుర్తుండటంలో ఉన్న చేదు అంతా ఎక్కడుందంటే 'డాక్టర్ హూ'లో రివర్ సాంగ్ దగ్గర. 2008లో వచ్చిన 'సైలెన్స్ ఇన్ ది లైబ్రరీ'లో ఆమె కథానాయకుడైన డాక్టర్‌కు మొదటిసారి ఎదురవుతుంది. అతనికి అది తొలి పరిచయం, ఆమెకు చివరి కలయిక. ఇద్దరూ కాలంలో ఎదురెదురు దిశల్లో నడుస్తున్నారు. అతని ముఖంలో తనెవరో తెలిసిన జాడ కోసం వెతికి, లేదని గ్రహించే క్షణంలో అలెక్స్ కింగ్‌స్టన్ కళ్ళు ఒక్కసారి ఆగుతాయి. తరవాతి సీజన్లలో వాళ్ళ ప్రేమ పెరుగుతున్నకొద్దీ ప్రేక్షకుడు ఆ మొదటి ముఖాన్ని మోస్తూ చూడవలసి వస్తుంది. మొయ్యడం చూసేవాడి వంతు కూడా అయింది.

ఇదంతా పరాయి నేల మీద పుట్టిన ఊహ అనుకునేవాళ్ళకు పోతన భాగవతం నవమస్కంధంలో రేవతి కథ ఉంది. కుశస్థలిని ఏలే కకుద్మి, కూతురు రేవతికి తగిన వరుణ్ణి అడుగుదామని ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్ళాడు. అక్కడ గానం జరుగుతోంది. అయ్యేదాకా కాసేపు ఆగాడు. తరవాత తన మనసులో ఉన్న వరుల సంగతి చెబితే బ్రహ్మ నవ్వాడు. భూమి మీద ఆ కాసేపట్లో 27 చతుర్యుగాలు గడిచిపోయాయి. లెక్క కడితే 11 కోట్ల 66 లక్షల 40 వేల సంవత్సరాలు. నువ్వనుకున్నవాళ్ళూ లేరు, వాళ్ళ మనవల మనవలూ లేరు, వెళ్ళి బలరాముడికి ఇవ్వు అన్నాడు. విష్ణుపురాణం ఇంకో రెండు సంగతులు చెబుతుంది. కుశస్థలి ఉన్న చోటే ఇప్పుడు ద్వారక ఉంది, అంటే ఆమె తన ఊరికే కోడలై వచ్చింది. పాతయుగపు మనిషి కాబట్టి ఆమె చాలా పొడుగు, బలరాముడు నాగలి కొన తాకించి తన కాలపు మనుషుల ఎత్తుకు దించాడు. రెండు యుగాల మధ్య పెళ్ళికి ఇంత భౌతికమైన, ఇంత ఆలోచింపజేసే ఊహ మరో సాహిత్యంలో నాకు కనబడలేదు. కూతుర్ని అప్పగించి కకుద్మి బదరికి తపస్సుకు వెళ్ళిపోతాడు.

పురాణం అక్కడ ఆగిపోతుంది. రేవతి నోట ఒక్క మాట కూడా రాదు. నిన్న పొద్దున ఆడుకున్న చెలికత్తెలు కోట్ల ఏళ్ళ కిందటివాళ్ళు. అదే సముద్రం, ఊరు మాత్రం వేరు. ఆ పాత లోకం గుర్తున్న రెండో మనిషి తండ్రి, ఆయన కూడా వెళ్ళిపోయాడు. దుర్గకు ఆది దొరికాడు. ఈమెకు దొరికేవాళ్ళు లేరు. మిగిలింది భర్త. అతనికి ఆమె యుగం తెలియదు, తెలుసుకోవాలంటే అడగాలి. కురుక్షేత్ర యుద్ధంలో ఏ పక్షానా చేరక తీర్థయాత్రకు వెళ్ళిపోయిన ఆ బలరాముడు అడిగే మనిషేనని నాకనిపిస్తుంది.

తెలుగులో ఎవరైనా దీన్ని ఎనిమిది భాగాల సిరీస్‌గా తియ్యాలని నా కోరిక. బ్రహ్మసభతో, గ్రాఫిక్స్ మెరుపులతో మొదలుపెట్టకూడదు. కకుద్మి బదరికి బయలుదేరే ఉదయంతో మొదలవ్వాలి. నాగలి తాకిన ఘట్టాన్ని అద్భుతంగా చూపించి వదిలెయ్యకుండా, తన ఎత్తు తగ్గినందుకు ఆమెకు ఏమనిపించిందో ఒక భాగమంతా కేటాయించాలి. ఆమె తన యుగం గురించి మొదటి మాట బలరాముడితో చెబితే తొందరపడినట్టే. నా మట్టుకు, అది నాలుగో భాగంలో, ద్వారకలో నీళ్ళు తోడే పడుచు ఒకతె, మీ ఊరేదమ్మా అని మామూలుగా అడిగినప్పుడు రావాలి. రేవతి, ఇదే అని చెప్పాలి.